ఐఎఫ్‌ఎస్ దారా, ప్రయోగశాల దారా? దౌత్యం మీద మనసుపడ్డ సైన్స్ విద్యార్థికి ఏది మేలు

ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో ఎమ్మెస్సీ చదివే విద్యార్థి తనకు విదేశాంగ వ్యవహారాలంటే ఇష్టమని చెబితే, వినేవాళ్లంతా ఇచ్చే సలహా ఒక్కటే: సివిల్స్ రాసి ఐఎఫ్‌ఎస్‌లో, అంటే భారత విదేశాంగ సర్వీసులో, చేరు. ఢిల్లీకి వెళ్లు, లేదంటే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకో. ఇంకో దారి ఉంది. పీహెచ్‌డీ చేసి అణుశక్తి శాఖలోనో, ఇస్రోలోనో, వాతావరణ శాఖలోనో, సముద్ర పరిశోధన సంస్థలోనో శాస్త్రవేత్తగా నిలదొక్కుకుని, ఆ హోదాలోనే దేశం తరఫున చర్చలకు వెళ్లవచ్చు. దీన్ని ఇక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నా మొగ్గు దీనికే. అయితే మొదటి దారి గట్టితనం ఏమిటో చూడకుండా ఆ మాట అనడం న్యాయం కాదు. 2018లో మన శ్రీకాకుళం తీరానికి జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెడితే ఆ తేడా తెలుస్తుంది.

ఆ ఏడాది అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు ఎలా కూలాయో ఇక్కడివారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ తుఫానుకు పేరు ఇచ్చిన దేశం పాకిస్తాన్. ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆసియా పసిఫిక్ కమిషన్ కలిసి 1972లో ఒక తుఫానుల ప్యానెల్ ఏర్పాటు చేశాయి. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, మయన్మార్ అన్నీ అందులో సభ్యులే. పేర్ల జాబితా ఆ దేశాలు ఇచ్చినదే. బంగాళాఖాతం, అరేబియా సముద్రం రెండింటికీ తుఫాను సూచనలు ఇచ్చే ప్రాంతీయ కేంద్రం ఢిల్లీలోని మన వాతావరణ శాఖ. అక్కడి శాస్త్రవేత్తల సూచనలు శ్రీకాకుళానికి వచ్చినట్టే కరాచీకీ వెళ్తాయి. రెండు ప్రభుత్వాల మధ్య మాటలు కరువైన కాలంలోనూ ఈ ఏర్పాటు నడుస్తూనే ఉంది. దీనిని నడిపేది వాతావరణ శాస్త్రజ్ఞులే. వారిలో ఎవరూ తాము దౌత్యం చేస్తున్నామని చెప్పుకోరు.

మరుసటి నెలలో రెండో సంగతి. గుజరాత్‌లోని వెరావల్‌కు వలసవెళ్లి అక్కడి బోట్లలో వేటకు దిగిన మన జాలర్లు, డి.మత్స్యలేశం వంటి తీర గ్రామాలవారు, పాకిస్తాన్ దళాల చేతికి చిక్కారు. వారిలో ఇరవై మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు. ఇలాంటి విడుదల వెనుక ఏ ప్రయోగశాలా ఉండదు. 2008లో రెండు దేశాలు చేసుకున్న కాన్సులర్ ఒప్పందం ప్రకారం ప్రతి జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. హైకమిషన్ అధికారి జైలుకు వెళ్లి కలవాలి. వీరు మన పౌరులే అని రుజువయ్యే కాగితాలు జిల్లా నుంచి అక్కడికి చేరాలి. ఆపైన అవతలి ప్రభుత్వం సరే అనేదాకా విసుగులేకుండా అడుగుతూ ఉండాలి. ఇది అచ్చంగా ఐఎఫ్‌ఎస్ పని. మన ఊరి మనిషి పరాయి జైల్లో ఉన్నప్పుడు కావలసింది ఆ అధికారే. ఇక్కడ పీహెచ్‌డీ ఎందుకూ కొరగాదు.

ఆ సముద్రంలో గీత ఎక్కడుందో మాత్రం శాస్త్రవేత్తలు కొలవవలసిన విషయమే, కొలిచారు కూడా. కచ్ దగ్గరి సర్ క్రీక్ అనే సముద్రపు పాయ మీద తగువు తెగనందువల్లే అక్కడ సముద్ర సరిహద్దు ఖరారు కాలేదు. 2007 మొదట్లో రెండు దేశాల జలసర్వే నిపుణులు కలిసి ఆ క్రీక్‌ను సర్వే చేసి పటాలు తయారుచేశారు. ఒకే నీటిని ఇద్దరూ ఒకేలా కొలవగలిగారు. సంతకం ఇంతవరకూ పడలేదు, బోట్లు పట్టుబడటమూ ఆగలేదు. శాస్త్రవేత్త దారి ఎంచుకునేవారు ఈ ఉదాహరణ గుర్తుంచుకోవాలి: మీ కొలత ఎంత సరైనదైనా దాన్ని పక్కన పెట్టే అధికారం వేరేవారికి ఉంటుంది.

మరి నా మొగ్గు అటెందుకు? మన జిల్లాలోనే ఉన్న కొవ్వాడ కథ చూడండి. రణస్థలం మండలంలోని ఆ తీరంలో అమెరికా సంస్థ వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు, ఒక్కొక్కటి 1208 మెగావాట్లవి, ఆరు పెట్టాలన్న ప్రతిపాదన 2005 జులై 18న వాషింగ్టన్‌లో వెలువడ్డ మన్మోహన్ సింగ్, బుష్‌ల అణు సహకార సంయుక్త ప్రకటన నుంచి పుట్టిందే. చర్చలు నడిపినవారిలో శ్యామ్ శరణ్, శివశంకర్ మేనన్, ఎస్.జైశంకర్ వంటి ఐఎఫ్‌ఎస్ దిగ్గజాలు ఉన్నారు. వారి పక్కనే అణుశక్తి శాఖ నుంచి దాని అధిపతి అనిల్ కాకోద్కర్, శాస్త్రవేత్త ఆర్.బి.గ్రోవర్ ఉన్నారు. అసలు పేచీ ఏ రియాక్టర్లను అంతర్జాతీయ తనిఖీ కిందికి తేవాలన్నది. ఫాస్ట్ బ్రీడర్లనూ (వాడేదానికన్నా ఎక్కువ ఇంధనం తయారుచేసే రియాక్టర్లు) తనిఖీకి లోబడే పౌర జాబితాలో చేర్చాలని అమెరికా పట్టుబట్టింది. 2006 ఫిబ్రవరిలో కాకోద్కర్ అది కుదరదని పత్రికాముఖంగానే చెప్పేశారు. ప్రభుత్వాధికారి అలా బయటపడి మాట్లాడటం ఎంతమందికి మింగుడుపడలేదో ఊహించుకోవచ్చు. చివరికి 2006 మార్చి నాటి విభజన పథకంలో 22 రియాక్టర్లలో 14 తనిఖీ కిందికి వెళ్లాయి, బ్రీడర్లు బయటే ఉన్నాయి.

అదే మాట విదేశాంగ శాఖ సంయుక్త కార్యదర్శి ఒకరు అని ఉంటే సాయంత్రానికల్లా వివరణ ఇచ్చుకోవలసి వచ్చేది. కాకోద్కర్‌కు ఆ బలం ఎక్కడిది? ఆ రియాక్టర్ల లోపల ఏముందో తెలిసి, వాటికి బాధ్యత వహిస్తున్నవాడు కాబట్టి. ఆయన్ను తప్పిస్తే ఆ కుర్చీలో కూర్చునేవాడూ అదే మాట చెబుతాడని అందరికీ తెలుసు. ఐఎఫ్‌ఎస్ అధికారికి దేశం తరఫున మాట్లాడే అధికారం ఉంటుంది. విషయం తెలిసిన శాస్త్రవేత్తకు మాత్రం తన ప్రభుత్వానికే కాదని చెప్పగలిగే అధికారం ఉంటుంది. రెండోది అరుదు. (ఇంత చేసినా కొవ్వాడలో రియాక్టర్ లేవలేదు. 2010 నాటి అణు పరిహార చట్టంలో సరఫరాదారు బాధ్యత మీద నడిచిన వివాదం, 2017లో వెస్టింగ్‌హౌస్ దివాలా, రెండూ కలిసి దానిని వెనక్కి నెట్టాయి. ఊళ్లు మాత్రం ఆ ప్రకటనల నీడలో ఏళ్లకేళ్లు గడిపాయి. ఆ బాధ ఏ చర్చల పత్రంలోనూ కనిపించదు.)

అంటార్కిటికా విషయంలో శాస్త్రవేత్తలే ముందు నడిచారు, దౌత్యం వెనక వచ్చింది. అంటార్కిటిక్ ఒప్పందంలో చేరినంత మాత్రాన ఓటు రాదు. అక్కడ చెప్పుకోదగ్గ పరిశోధన చేస్తున్న దేశానికే నిర్ణయాల్లో పాలు దక్కుతుంది. 1981 డిసెంబరులో సముద్ర శాస్త్రవేత్త ఎస్.జెడ్.ఖాసిం నాయకత్వంలో మొదటి యాత్ర గోవా నుంచి బయలుదేరింది. 1983 సెప్టెంబరుకల్లా భారత్‌కు ఆ హోదా వచ్చింది. ఇరవయ్యొక్క మంది ఓడెక్కి వెళ్లి మంచు మీద చేసిన పని దేశానికి ఓటు తెచ్చిపెట్టింది.

తెలుగునాట ఈ దారికి పాత అడుగులు కూడా ఉన్నాయి. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పిన సూరి భగవంతం 1948–49లో లండన్‌లో భారత్ తరఫున శాస్త్ర అనుసంధాన అధికారిగా పనిచేశారు, తర్వాత రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారయ్యారు. తోళ్ల శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ ఎన్నో వర్ధమాన దేశాలకు సలహాలిచ్చారు. 1985 కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన్ను పోగొట్టుకున్నాం.

ఇక రెండు దారుల్లోని ఇబ్బందులు. ఐఎఫ్‌ఎస్‌లో చేరితే చిన్న వయసులోనే విదేశంలో పని మొదలవుతుంది, ఒక విదేశీ భాష తప్పనిసరిగా నేర్పిస్తారు, హోదా చేతికి వస్తుంది. అయితే రెండు మూడేళ్లకోసారి దేశం మారుతుంది, పనీ మారుతుంది. వీసాలు, వాణిజ్యం, ప్రోటోకాల్ మధ్య మీరు చదివిన స్పెక్ట్రోస్కోపీ ఎవరికీ గుర్తుండదు, కొన్నాళ్లకు మీకూ ఉండదు. 2020లో విదేశాంగ శాఖ కొత్త సాంకేతికతల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది. మంచిదే, కానీ అక్కడా మీరుండేది ఒక పోస్టింగ్ కాలమే. పైగా లక్షల మంది రాసే పరీక్షలో ఐఎఫ్‌ఎస్‌కు తీసుకునేది ఏటా కొన్ని పదుల మందినే.

శాస్త్రవేత్త దారిలో పెద్ద ఇబ్బంది ఆలస్యం. అంతర్జాతీయ చర్చలకు పిలుపు వచ్చేసరికి నలభై దాటడం మామూలే. శాస్త్ర సాంకేతిక శాఖ కౌన్సెలర్లు ఉండే రాయబార కార్యాలయాలు వాషింగ్టన్, మాస్కో, బెర్లిన్, టోక్యో వంటి కొన్ని మాత్రమే. ఇస్రో, అణుశక్తి శాఖ ప్రతినిధుల కుర్చీలూ అంతే కొద్ది. ప్రతినిధి బృందంలో వెళ్లినా తరచూ రెండో వరుసలోనే కూర్చోవాలి. వాతావరణ మార్పుల కమిటీ ఐపీసీసీలో శాస్త్రవేత్తలు రాసిన సారాంశాన్ని ప్రభుత్వాల ప్రతినిధులు వాక్యం వాక్యం చదివి ఆమోదిస్తారు. తమ వాక్యం కళ్లముందే మెత్తబడుతుంటే చూస్తూ ఓర్చుకోగల స్వభావం కావాలి. అది లేనివారు ఇటు రాకపోవడమే మంచిది.

మూడో దారిగా విధాన పరిశోధన సంస్థలు, ఫెలోషిప్‌లు ఉన్నాయి. అమెరికాలో 1973 నుంచి శాస్త్రవేత్తలను కాంగ్రెస్ కార్యాలయాలకు, ఆ తర్వాతి కాలంలో ప్రభుత్వ శాఖలకూ పంపే ఫెలోషిప్ ఉంది, కానీ అది వారి పౌరులకే. మన దగ్గర ఉన్నవి తాత్కాలికం. ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్లలకు వాటిని నేను చెప్పను.

కాబట్టి మన జిల్లాల విద్యార్థికి నా మాట: ముందు పరిశోధన. పరిశోధన విద్యార్థులకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు. ఇచ్ఛాపురం పిల్లలు సరుకులకూ ఆసుపత్రులకూ వెళ్లే బరంపురంలోనే 2016 నుంచి కేంద్ర సైన్స్ విద్యాపరిశోధన సంస్థ ఐసర్ ఉంది. అంశం ఎంచుకునేటప్పుడు సరిహద్దు దాటే సమస్యను పట్టుకోండి. తుఫానులు, సముద్రగర్భం, అణు భద్రత అలాంటివి. ఉద్దానం కిడ్నీ వ్యాధీ అలాంటిదే. కారణం పూర్తిగా తేలని ఇలాంటి వ్యాధే శ్రీలంకలోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలోనూ ఉంది. కవిటి, సోంపేట నీటినీ రక్తనమూనాలనూ ఏళ్లపాటు చూసినవారికి ఆ దేశాలవారితో మాట్లాడటానికి మధ్యవర్తి అక్కర్లేదు.

దినపత్రిక విదేశీ పేజీ చదివాకే ల్యాబ్ రికార్డు తెరిచే విద్యార్థులు కొందరుంటారు. వారు సివిల్స్‌కే వెళ్లాలి, వద్దని చెప్పినా ఆగరు. వారికైనా చెప్పేది ఒకటే, ముందు పీహెచ్‌డీలో చేరండి. సివిల్స్‌కు జనరల్ అభ్యర్థులకు 32, ఓబీసీలకు 35, ఎస్సీ, ఎస్టీలకు 37 ఏళ్ల దాకా అవకాశం ఉంది కనుక, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదికి డాక్టరేట్ పూర్తయినా ప్రయత్నాలు మిగులుతాయి. ముందు సివిల్స్ వెంటపడి ముప్ఫై దాటాక పరిశోధన వైపు చూస్తే, వయసు సడలింపు లేనివారికి జేఆర్‌ఎఫ్ వయోపరిమితి అడ్డొస్తుంది.