కంపెనీ జట్టా, ఊరి జట్టా? జపాన్ రగ్బీలో కోబే, కామైషి: ఏది మేలు?

జపాన్ రగ్బీ జాతీయ చాంపియన్‌షిప్‌ను వరసగా ఏడుసార్లు గెలిచిన జట్లు రెండే. మొదటిది ఇవాతే ప్రిఫెక్చర్‌లోని షిన్ నిప్పన్ స్టీల్ కామైషి, 1978-79 సీజన్ నుంచి 1984-85 దాకా. రెండోది కోబే స్టీల్, 1988-89 నుంచి 1994-95 దాకా. రెండూ ఉక్కు కంపెనీలు పెంచిన జట్లే. వరసగా ఎనిమిదోది రెండిటికీ అందలేదు. అక్కడి నుంచి దార్లు వేరయ్యాయి. కోబే ఇప్పటికీ కంపెనీ జట్టుగానే ఉంది, కామైషి 2001లో ఊరి క్లబ్బుగా మారింది. అందుకే జపాన్‌లో క్లబ్బును ఎవరు పోషిస్తే మేలు అనే వాదన వచ్చినప్పుడల్లా ఈ రెండు పేర్లే ముందుకొస్తాయి.

ముందుగా ట్రోఫీల లెక్క. ఏడుకు ఏడు సమానం అనేస్తే సరిపోదు. ఆ రోజుల్లో జనవరి 15న కంపెనీల విజేత, విశ్వవిద్యాలయాల విజేత తలపడేవి. అదే జాతీయ ఫైనల్. కామైషి కాలంలో కాలేజీ కుర్రాళ్లు తేలికైన ప్రత్యర్థులు కారు. 1976 జనవరిలో మెయిజీ విశ్వవిద్యాలయం కంపెనీల విజేతను ఓడించి కప్పు ఎత్తుకెళ్లింది. కామైషి పరంపర ముగిసిన మరుసటి ఏడాదే కెయియో గెలిచింది, 1988లో వసేదా గెలిచింది. ఆ తర్వాత ఏ విశ్వవిద్యాలయమూ గెలవలేదు. కోబే పరంపర మొదలైంది సరిగ్గా ఆ తర్వాతి సీజన్‌లో. కాబట్టి 1995 ఫైనల్లో దైతో బుంకా విశ్వవిద్యాలయం మీద కోబే 102-14తో గెలిచిందని చూసి కోబేయే గొప్పదని తేల్చడం తొందరపాటు. పైగా ట్రైకి (బంతిని ప్రత్యర్థి గీత అవతల నేలకు తాకించడానికి) 4 పాయింట్లుండేది 1992లో 5 అయింది, పాత స్కోర్లను కొత్తవాటి పక్కన నేరుగా పెట్టకూడదు. 1985లో కామైషి 31-17తో ఓడించిన దోషిషా వరసగా మూడేళ్లు విశ్వవిద్యాలయ చాంపియన్. ఆ ఓడిన జట్టులో హిరావో సేయిజి ఉన్నాడు. తర్వాత కోబేను నడిపించింది ఆయనే.

కోబేకు అసలు పరీక్ష కంపెనీల ఫైనల్లో ఎదురయ్యేది. 1991 జనవరి 8, టోక్యోలోని చిచిబునోమియా మైదానం, ఎదురుగా సాన్యో కంపెనీ జట్టు. ఆట ముగియబోతోంది, సాన్యో 16-12తో ముందుంది. పెనాల్టీ గోల్ కొట్టినా 3 పాయింట్లే, సరిపోవు. ట్రై వేయక తప్పదు. బంతి కుడి అంచున ఉన్న కోబే జట్టు ఆస్ట్రేలియా వింగర్ ఇయన్ విలియమ్స్‌కు అందింది. ఆయన మధ్య గీత దగ్గర్నుంచి పరిగెత్తి, వెనక తరుముతున్నవాడికి చిక్కకుండా గీత దాటాడు. 16-16. ట్రై తర్వాత దొరికే 2 పాయింట్ల అదనపు కిక్, అంటే కన్వర్షన్, హోసోకావా కొట్టాడు, 18-16. ఆ ఒక్క పరుగు లేకపోతే కోబే పరంపర మూడో ఏడాదే తెగిపోయేది. ఏడేళ్ల ఆధిపత్యం అంటే ప్రతి ఏడాదీ నల్లేరు మీద నడక అనుకునేవాళ్లు ఈ మ్యాచ్ చూడాలి.

ఆటగాళ్లు ఎక్కడి నుంచి వచ్చారన్నదే రెండు జట్ల మధ్య అసలు తేడా. కామైషిలో ఎక్కువమంది ఈశాన్య జపాన్ హైస్కూళ్లు ముగించి నేరుగా కర్మాగారంలో చేరినవాళ్లు. పగలు పని, సాయంత్రం ప్రాక్టీసు. ముందు వరసలో నెట్టే ప్రాప్ హొరాగుచి కోజి ఆ ఊరి పారిశ్రామిక హైస్కూల్ పిల్లాడే. వీళ్ల వెనక మెయిజీ నుంచి వచ్చిన మోరి షిగెతకా, ఆటను నడిపించే ఫ్లై-హాఫ్ మత్సుఓ యూజీ లాంటి కొద్దిమంది కాలేజీ ఆటగాళ్లుండేవారు. మత్సుఓ చేరిన తొలి సీజన్ 1976-77లోనే కామైషికి మొదటి జాతీయ కప్పు వచ్చింది. ఈ పద్ధతిలో ఖర్చు తక్కువ, జట్టు ఏళ్ల తరబడి కలిసే ఉంటుంది, రెండు జట్లూ భుజాలు కలిపి నెట్టుకునే స్క్రమ్‌లో ఒకరి భుజం ఒకరికి అలవాటవుతుంది. లోపమూ అక్కడే ఉంది. కర్మాగారం కొత్తవాళ్లను తీసుకోవడం ఆపితే జట్టుకు కొత్త రక్తం ఆగిపోతుంది.

అచ్చం అలాగే జరిగింది. 1985లో మత్సుఓ తప్పుకున్నాడు. అదే ఏడాది యెన్ విలువ ఎగబాకి జపాన్ ఉక్కు దెబ్బతింది. 1989లో కామైషి చివరి బ్లాస్ట్ ఫర్నేస్ ఆరిపోయింది. 1857లో ఒషిమా తకతో పాశ్చాత్య పద్ధతి కొలిమి వెలిగించిన నేల అది. 1960ల మొదట్లో 90 వేలు దాటిన జనాభా మూడో వంతుకు దగ్గరగా పడిపోయింది. అంత మంచి జట్టు పదేళ్లలో ఎందుకు చితికిందని అడిగేవాళ్లు కోచింగ్‌లో లోపాలు వెతుకుతారు. జవాబు మైదానంలో లేదు, నియామకాల రిజిస్టర్‌లో ఉంది.

కోబే విశ్వవిద్యాలయాల తారలను తీసుకుంది. హిరావో, హయాషి తొషియుకి, ఒయాగి అత్సుషి ముగ్గురూ దోషిషా వాళ్లే. జట్టుపై పెత్తనం చేసే కోచ్ లేకుండా కెప్టెన్, ఆటగాళ్లే వ్యూహం వేసుకునే పద్ధతి పెట్టుకున్నారు. పై నుంచి చెప్పింది చేయడమే క్రీడ అనుకునే ఆనాటి జపాన్‌లో అది చిన్న తిరుగుబాటు. అయితే అది హిరావో లాంటి ఆటగాడు ఉన్నంతసేపే పనిచేస్తుంది. అందుకే దాన్ని నకలు కొట్టిన జట్లకు అదే ఫలితం రాలేదు.

1995 జనవరి 15న ఏడో కప్పు, జనవరి 17 తెల్లవారుజామున కోబేను కుదిపేసిన హాన్షిన్ భూకంపం. కంపెనీ ప్రధాన కార్యాలయ భవనం పనికిరాకుండా దెబ్బతింది, ఫర్నేస్ ఆగింది, ప్రాక్టీసు మైదానం నేల మెత్తబడి పాడైంది. ఆ ఫర్నేస్‌ను ఏప్రిల్ 2 కల్లా మళ్లీ వెలిగించారు. జట్టునూ వదల్లేదు. కామైషిలో ఫర్నేస్ ఆరితే ఊరే తగ్గిపోయింది. కోబేలో దెబ్బ తగిలినా వెనక పెద్ద నగరం, ఇంకా పెద్ద కంపెనీ ఉన్నాయి. 1999-2000లో కప్పు తిరిగొచ్చింది. 2000-01లో సన్‌టోరీతో 27-27 సమం చేసి కప్పు పంచుకుంది. 2003లో మొదలైన కంపెనీ జట్ల జాతీయ లీగ్, టాప్ లీగ్‌కు తొలి విజేత కూడా కోబేయే. మళ్లీ లీగ్ గెలవడానికి మాత్రం 15 ఏళ్లు పట్టింది. 2018 డిసెంబర్‌లో న్యూజిలాండ్ దిగ్గజం డాన్ కార్టర్ ఫ్లై-హాఫ్‌గా, వెయిన్ స్మిత్ మార్గదర్శకత్వంలో, సన్‌టోరీని 55-5తో చిత్తు చేసింది. అంతకు ముందు ఏడాదే కంపెనీ నాణ్యతా లెక్కల్లో తప్పులు చూపిందని బయటపడి పరువు పోగొట్టుకుంది, కోబేలోని ఫర్నేస్‌నూ మూసేసింది. అయినా జట్టు మీద ఖర్చు ఆపలేదు. కంపెనీ జట్టుకు ఇంతకంటే మంచి వాదన దొరకదు.

ఎదురు వాదనకు దూరం పోనక్కర్లేదు. అదే కోబే నగరంలో వరల్డ్ అనే దుస్తుల కంపెనీకి రగ్బీ జట్టు ఉండేది, టాప్ లీగ్ తొలి సీజన్ ఆడింది. 2009లో కంపెనీ చేతులెత్తేసింది, జట్టు కథ ముగిసింది. కోకాకోలా జట్టు 2021లో, మునకాతా సానిక్స్ 2022లో అలాగే పోయాయి. మైదానంలో ఓడిపోయి కాదు, బోర్డు గదిలో ఒక తీర్మానంతో. అభిమాని దగ్గర సీజన్ టికెట్ ఉన్నా, ఆ గదిలో కుర్చీ ఉండదు.

2001లో పుట్టిన కామైషి సీవేవ్స్ అలా ఒక్క సంతకంతో పోదు. పాత కంపెనీ ప్రధాన దాతగా మిగిలింది. ఊరు, చుట్టుపక్కల వ్యాపారాలు, సభ్యులు తోడయ్యారు. ఆటగాళ్లకు స్థానిక సంస్థల్లో ఉద్యోగాలు చూపించారు. దీనికి కట్టిన ధర కూడా చిన్నది కాదు. 2003 నుంచి 2021 దాకా సాగిన టాప్ లీగ్‌లో ఒక్క సీజన్ కూడా ఆడలేకపోయింది. పగలంతా పనిచేసి సాయంత్రం ప్రాక్టీసుకొచ్చేవాడు, రోజంతా జిమ్‌లో, వీడియో విశ్లేషణలో గడిపే ప్రొఫెషనల్‌ను 60 నిమిషాలు ఆపగలడు. చివరి 20 నిమిషాల్లో ట్యాకిల్స్ జారిపోతాయి.

2011 మార్చి 11 సునామీ వచ్చాక ఈ లెక్కకు ఇంకో వైపు కనబడింది. ఊళ్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. ఆటగాళ్లు సహాయ సామగ్రి దించారు, రోగులను మోశారు. ఆస్ట్రేలియా ఆటగాడు స్కాట్ ఫార్డీ దేశం విడిచి వెళ్లే అవకాశం ఉన్నా ఉండిపోయాడు. తర్వాత 2015 ప్రపంచకప్ ఫైనల్‌లో తన దేశానికి ఆడాడు. పాత ఆటగాళ్ల చొరవతో ప్రపంచకప్‌ను ఇక్కడికి రప్పించాలన్న ప్రయత్నం మొదలైంది, 2015లో కామైషి 12 వేదికల్లో ఒకటైంది. సునామీలో పోయిన రెండు బడుల స్థలంలోనే స్టేడియం కట్టారు. ఆ రోజు ఆ బడుల్లోని పెద్ద పిల్లలు చిన్నవాళ్ల చేయి పట్టుకుని కొండెక్కి బతికారు. 2019 సెప్టెంబర్ 25న అక్కడ ఉరుగ్వే 30-27తో ఫిజీని ఓడించింది. జాతీయ కప్పు కోసం పోటీపడే స్థితిలో లేని క్లబ్బు ప్రపంచకప్‌ను ఇంటికి తెచ్చుకుంది. డబ్బుతో కొనగలిగే పని కాదది.

2022లో వచ్చిన లీగ్ వన్ లెక్క మార్చింది. మొదట్లో 24 జట్లు, మూడు డివిజన్లు. పేరులో ఊరో ప్రాంతమో ఉండాలి, సొంతగడ్డ మ్యాచ్‌ల నిర్వహణ, టికెట్ల అమ్మకం క్లబ్బే చూసుకోవాలి. కంపెనీ జట్లను ఊరి వైపు నెట్టే నిబంధనలివి. కోబెల్కో కోబే స్టీలర్స్ అనే పేరు అలా వచ్చిందే. వింతేమిటంటే కామైషి ఎదురు దిశలో నడిచింది. రెండో డివిజన్‌లో మొదటి సీజన్ ముగిశాక కంపెనీ పేరు తిరిగి తగిలించుకుని నిప్పన్ స్టీల్ కామైషి సీవేవ్స్ అయింది. ప్రయాణాలు, వైద్యం, ప్రొఫెషనల్ జీతాలు చిన్న ఊరి చందాలతో గడవవు మరి.

కాబట్టి ఎవరికి ఏది మేలు? జాతీయ జట్టు మీద కన్నేసిన ఆటగాడికి కోబేయే, సందేహం లేదు. 2023-24లో అక్కడ న్యూజిలాండ్ తారలు బ్రోడీ రెటాలిక్, ఆర్డీ సవేయా ఆడారు. అలాంటివాళ్ల పక్కన ఒక సీజన్ ఇంకెక్కడా దొరకని చదువు. ఆట ముగిశాక ఉద్యోగం ముఖ్యమనుకునేవాడు మాత్రం ఒప్పందంలో తాను ఉద్యోగా, కేవలం ప్రొఫెషనలా అన్నది ముందు చూసుకోవాలి. జట్టు రద్దయితే మొదటివాడికి కుర్చీ ఉంటుంది, రెండోవాడికి ఉండదు. కొత్తగా క్లబ్బు పెట్టేవాళ్లకు కామైషి 2001 నమూనాయే మేలు, కాకపోతే సగం ఖర్చయినా భరించే ఒక పెద్ద దాత ముందే ఉండాలి. ఆ దాత లేకుండా పూర్తిగా ఊరి మీదే నడుపుతామంటే రెండో డివిజన్‌లో నిలబడడమూ కష్టమే.

చూసేవాళ్లకు కోబేలో నోయేవియర్ స్టేడియం సుమారు 30 వేలమందిది, కైగాన్ సబ్‌వే లైన్‌లో మిసాకి-కోయెన్ దగ్గర దిగాలి. కామైషి స్టేడియానికి సన్రికు రైల్వే ఉనోసుమాయ్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. శాశ్వత సీట్లు 6 వేల లోపే, కాబట్టి ఎక్కడ కూర్చున్నా స్క్రమ్ కుదుపు వినబడుతుంది. చేపల పడవలు నిండుగా తిరిగొచ్చినప్పుడు ఎగరేసే రంగురంగుల జెండాలను పాత అభిమానులు అక్కడ ఇప్పటికీ ఊపుతారు. ఒక్క మ్యాచ్‌కే టికెట్ కొనే వీలుంటే కామైషికి కొనండి, లీగ్ పట్టిక మాత్రం కోబే కోసం చూడండి.