పికప్ ట్రక్కు మీద ట్యాక్స్ డిడక్షన్: నాలుగేళ్ళ వాడకం తర్వాత

డాలస్ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి, ఓణీల ఫంక్షన్లకి, సీమంతాలకి మండపాలు కట్టే పని నాది. ఉద్యోగం కాదు, సొంత వ్యాపారం. ఏటా రిటర్న్‌లో షెడ్యూల్ సి (సొంత వ్యాపారం లెక్క చూపించే ఫామ్) మీద చూపించుకుంటాను. 2022 జూన్‌లో 48 వేల డాలర్లకి కొత్త పికప్ ట్రక్కు తీసుకున్నాను. బండి గురించి నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఇంజిన్, సీట్లు, స్క్రీన్ గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ జోలికి పోను. నేను రాసేది దాని మీద తీసుకున్న డిడక్షన్ (ట్యాక్స్ పడే ఆదాయంలోంచి ఖర్చుగా తీసేసే మొత్తం) గురించి, అందులోనూ ఒక్క అంకె గురించి. ఆ అంకె 50 శాతం: వ్యాపారానికి బండి వాడకం ఏటా అంతకు మించి ఉండాలి. బండి కొన్న రోజున నాకు అది ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మా ఇంట్లో తాళాలు వేరే చేతిలో ఉండేవి.

మొదట సంతోషం సంగతి చెప్పాలి, ఎందుకంటే అది నిజమైన సంతోషమే. అంతకుముందు ప్రతి శుక్రవారం ట్రక్కు అద్దెకి తెచ్చుకుని, ఆదివారం అర్ధరాత్రి తిరిగి ఇచ్చి వచ్చేదాన్ని. మా మండపం స్తంభాలు ఎనిమిదడుగుల పొడవు. అందుకే షోరూమ్‌లో అయిదున్నర అడుగుల బెడ్ (వెనక సామాను పెట్టే తెరిచిన భాగం) ఉన్న బండి ఎంత ముద్దుగా ఉన్నా వద్దనుకుని, ఆరున్నర అడుగుల బెడ్ ఉన్నది కావాలని పట్టుబట్టాను. టెయిల్‌గేట్ దించి, రెండు పట్టీలు బిగిస్తే స్తంభాలు కదలకుండా పడుకుంటాయి.

ట్యాక్స్ వేసే ఆయన డ్రైవర్ డోర్ తెరిచి, చట్రం మీద ఉన్న స్టిక్కర్ ఫోటో తీసి పంపమన్నాడు. దాని మీద జీవీడబ్ల్యూఆర్ 7,050 పౌండ్లు అని ఉంది. అంటే బండి సొంత బరువు, సామాను, మనుషులు అన్నీ కలిపి ఉండగల గరిష్ఠ బరువు. ఖాళీ బండి బరువు ఒక్కటే కాదు. అది 6 వేల పౌండ్లు దాటితే మామూలు కార్లకి ఉండే ఏటేటి డిప్రిసియేషన్ (బండి ధరని ఏటా కొంత చొప్పున ఖర్చుగా చూపించడం) పరిమితులు వర్తించవు. పైగా బెడ్ లోపలి పొడవు ఆరడుగులో అంతకన్నా ఎక్కువో ఉంటే, పెద్ద ఎస్‌యూవీలకి సెక్షన్ 179 (వ్యాపారానికి కొన్నదాని ధర కొన్న ఏడాదే ఖర్చుగా చూపించుకోనిచ్చే నిబంధన) కింద ఉండే పరిమితి కూడా తప్పిపోతుంది. 2022లో ఆ పరిమితి 27 వేల డాలర్లు. నేను స్తంభాల కోసం ఎంచుకున్న బెడ్ ట్యాక్స్ దగ్గర కూడా కలిసొచ్చింది. నేను కొన్న ఏడాది బోనస్ డిప్రిసియేషన్ (కొన్న ఏడాదే ధరలో తీసేసుకోగల శాతం) ఇంకా 100 శాతం ఉంది కాబట్టి ఆ తేడా నాకు పెద్దగా తెలిసేది కాదు. అది 2023లో 80కి, 2024లో 60కి తగ్గాక చిన్న బెడ్ బండ్లు కొన్నవాళ్ళకి బాగా తెలిసింది.

ఆ ఏడాది నా వ్యాపార వాడకం 80 శాతం. 48 వేలలో 80 శాతం, అంటే 38,400 డాలర్లు మొత్తం ఒకే ఏడాది ఖర్చుగా చూపించాం. బండి లోన్ మీద తీసుకున్నదే, చేతి నుంచి పెట్టింది చాలా తక్కువ. అయినా పూర్తి ధర మీద డిడక్షన్ వచ్చింది. ఇన్‌కమ్ ట్యాక్స్ ఒక్కటే తగ్గుతుందనుకున్నాను, సొంత వ్యాపారం చేసేవాళ్ళకి 15.3 శాతం పడే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ కూడా తగ్గింది. మా ఆయన జీతం కూడా కలిసి 22 శాతం శ్లాబులో ఉన్నాం, మొత్తం మీద 11 వేల డాలర్ల పైచిలుకు మిగిలింది. ఆ వేసవిలో నాకు కనిపించిన ప్రతి వ్యాపారం చేసుకునే స్నేహితురాలికీ ట్రక్కు కొనుక్కోమని చెప్పాను. కొందరు కొన్నారు కూడా. ఆ మాట ఇప్పుడు అదే ధైర్యంతో చెప్పలేను.

2023 బాగానే గడిచింది. 14 వేల మైళ్ళు తిరిగితే 11,200 వ్యాపారానివే, మళ్ళీ 80 శాతం. ఆ తర్వాతి ఏడాదే దెబ్బ తగిలింది.

2024 మార్చిలో ఎవరో వెనక నుంచి గుద్దడంతో మా ఆయన కారు పనికిరాకుండా పోయింది. మనిషికి ఏమీ కాలేదు, అదే చాలనుకున్నాం. లోన్ వడ్డీలు చూసి, ఇంకో కారు కొనడానికి కొన్నాళ్ళు ఆగుదామనుకున్నాం. వారంలో నాలుగు రోజులు ఆయన ట్రక్కు వేసుకుని ఆఫీసుకి వెళ్ళేవారు, రానూ పోనూ 52 మైళ్ళు. అలా అక్టోబరు చివరి దాకా సాగింది. ఆ రోజుల్లో కస్టమర్లతో మాట్లాడ్డానికి, బ్యాంక్వెట్ హాల్ కొలతలు తీసుకోవడానికి నేను నా చిన్న సెడాన్‌లో వెళ్ళేదాన్ని. శని ఆదివారాలు ఫంక్షన్లకి మాత్రం ట్రక్కు నాకు. హ్యూస్టన్ వెళ్ళొచ్చాం, పిల్లల సాకర్‌కి తిప్పాం. ఇంట్లో పెద్ద బండి ఉంటే ఎవరైనా అదే తీస్తారు.

మైళ్ళు రాసుకోవడానికి గ్లవ్ బాక్స్‌లో ఒక పొడుగు నోట్‌బుక్ పెట్టుకున్నాను. తేదీ, బయల్దేరినప్పటి రీడింగు, చేరాక రీడింగు, ఎక్కడికి, ఎందుకు. పసుపు మరకలు, పేజీల మధ్య ఎండిన బంతి రేకులు ఇప్పటికీ ఉన్నాయి. "మార్చి 16, ఓణీల ఫంక్షన్, ఇర్వింగ్, స్తంభాలు 4, 38 మైళ్ళు" అని ఎప్పటికప్పుడు రాసేదాన్ని. ఏడాది చివర గుర్తున్నంత వరకు రాస్తే చెల్లదని మొదట్లోనే విన్నాను, ఆ జాగ్రత్త మాత్రం తప్పలేదు. 2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి కూర్చుని మైళ్ళన్నీ కలిపి లెక్క వేశాను. ట్రక్కు మొత్తం 18,200 మైళ్ళు తిరిగింది. అందులో వ్యాపారానివి 7,900. అంటే 43 శాతం. ఈ ఏడాది పెట్రోలు, ఇన్సూరెన్స్ ఖర్చులు కాస్త తక్కువగా చూపించుకోవాలి, అంతే కదా అనుకుని పడుకున్నాను.

ఆ ఏడాది వేరే సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పాత రిటర్న్‌లు తిరగేసి, డిప్రిసియేషన్ చూపించే ఫామ్ 4562 దగ్గర ఆగారు.

"ఈ ట్రక్కు మొత్తం 2022లోనే తీసేసుకున్నారా?"

"అవునండీ, అప్పుడే అయిపోయింది."

"అయిపోలేదండీ. వాడకం 50 శాతం దాటి ఉన్నన్నాళ్ళే అది మీది. 2024లో 43 అంటున్నారు. వెనక తీసుకున్న దాంట్లో చాలా భాగం తిరిగి ఆదాయంలో కలపాలి."

గుండె గుభేలుమంది. ఆవిడ కాగితం తీసుకుని లెక్క వేసి చూపించారు. అసలు వేగంగా తీసుకోకుండా అయిదేళ్ళ పద్ధతిలో సమానంగా తీసుకుని ఉంటే, మొదటి ఏడాది సగం లెక్కన 10 శాతం, రెండో ఏడాది 20 శాతం వచ్చేవి. అంటే 3,840, 7,680. రెండూ కలిపి 11,520 డాలర్లు. నేను తీసుకున్నది 38,400. తేడా 26,880. ఆ మొత్తం ఫామ్ 4797 ద్వారా మళ్ళీ షెడ్యూల్ సి లోకి ఆదాయంగా వస్తుంది. అక్కడికి వచ్చిందంటే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ కూడా పడుతుంది. ఒక్క స్తంభం అదనంగా అద్దెకివ్వకుండానే నాకు 26,880 డాలర్ల ఆదాయం వచ్చినట్టయింది. దాని మీద కట్టింది ఎనిమిది వేలకి దగ్గర. అప్పటికే కార్ డౌన్‌పేమెంట్‌కి సేవింగ్స్ తీసేసి ఉన్నాం, ఏప్రిల్ దాకా ఇంట్లో ఒకటే టెన్షన్.

రూల్ తప్పని నేను అనను. వ్యాపారానికి వాడతానని చెప్పి ముందే తీసుకున్న డబ్బు అది. వాడనప్పుడు వెనక్కి అడగడం న్యాయమే. నా బాధంతా 2022లో డోర్ స్టిక్కర్ ఫోటో అడిగిన మనిషి ఈ మాట ఒక్కటి చెప్పకపోవడం. "6 వేల పౌండ్లు దాటితే మొత్తం రైటాఫ్" అన్న మాట అందరి నోటా విన్నాను. బండి అయిదారేళ్ళ పాటు ఏటా 50 శాతం దాటి వ్యాపారానికే తిరగాలన్నది మాత్రం ఒక్కరి నోటా వినలేదు.

ఇంకా నొప్పి కలిగించేది ఏమిటంటే, ఇది తప్పించుకోగలిగింది. ఆ ఏడాది నా సెడాన్‌లో కస్టమర్ల కోసం తిరిగిన మైళ్ళు నోట్‌బుక్ వెనక పేజీల్లో వేరుగా రాసుకున్నాను. అవి 2,300. ఆ రోజుల్లో నేను ట్రక్కు తీసుకుని, ఆయన సెడాన్ తీసుకుని ఆఫీసుకి వెళ్ళి ఉంటే ట్రక్కు మీద వ్యాపార మైళ్ళు 10,200 అయ్యేవి. ట్రక్కు మొత్తం మైళ్ళు దాదాపు అన్నే అనుకుంటే, 18,200లో అది 56 శాతం. తాళాలు మార్చుకుంటే సరిపోయేది. దానికి మైలు అదనంగా తిరగక్కర్లేదు, పెట్రోలు ఎక్కువ పోయక్కర్లేదు. ఆ 2,300 మైళ్ళకి 67 సెంట్ల చొప్పున 1,541 డాలర్ల డిడక్షన్ సెడాన్ మీద వచ్చింది. దాని కోసం 26,880 వదులుకున్నట్టయింది.

ఇంట్లో ఒక గది ఆఫీసుగా లెక్కలో ఉంది కాబట్టి ఇంటి నుంచి స్టోరేజీకి, హాల్‌కి వెళ్ళే మైళ్ళు వ్యాపారంలోకే వస్తున్నాయి. ఇంట్లో అలాంటి ఆఫీసు లేనివాళ్ళకి ఇంటి నుంచి రోజూ పని చేసే చోటికి వెళ్ళడం కమ్యూట్ కిందికి వస్తుంది, సొంత వాడకమే. అలాంటి వాళ్ళకి 80 శాతం అనుకున్నది కాస్తా 50కి దగ్గరైపోతుంది. కొనే ముందే గత ఏడాది మైళ్ళు ఒక్కసారి నిజాయితీగా కూడుకుని చూడమని అందుకే అంటాను.

ఇప్పుడైతే ఏం చేసేదాన్ని? నిజం చెప్పాలంటే తేల్చుకోలేకపోతున్నాను. మైలుకింత అని తీసుకునే పద్ధతిలో ఉంటే 2023లో 65.5 సెంట్ల చొప్పున 11,200 మైళ్ళకి 7,336 డాలర్లు వచ్చేవి. నెమ్మదిగా వచ్చినా, 2024లో వాడకం తగ్గితే ఆ ఏడాది డిడక్షన్ తగ్గేది, వెనకటిది ఎవరూ అడిగేవారు కాదు. ఒకసారి సెక్షన్ 179 తీసుకున్నాక ఆ బండికి మైళ్ళ పద్ధతి ఇక ఎప్పటికీ రాదు. మరోపక్క, 2022లో మిగిలిన ఆ 11 వేలతోనే కొత్త స్తంభాల సెట్టు, లైట్లు కొన్నాను. ఆ తర్వాతి సీజన్ నిలబడింది వాటి మీదే. ఆ డబ్బు ముందు చేతికి రావడం నాకు పనికొచ్చింది. మాకు ఇంట్లో మూడో కారు ఉండి ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి మాకు ఫెడరల్ లెక్క ఒక్కటే. కాలిఫోర్నియాలో ఉన్న మా పిన్ని కూతురికి స్టేట్ రిటర్న్‌లో సెక్షన్ 179 పరిమితి 25 వేలే, బోనస్ అసలు లేదు. ఇద్దరం ఒకేసారి కొన్నాం, ఒకే రకం సంతోషం రాలేదు.

2025 జనవరి 19 తర్వాత కొన్నవాటికి 100 శాతం బోనస్ మళ్ళీ తెచ్చారు కాబట్టి డిసెంబరు వచ్చేసరికి మళ్ళీ ఫోన్లు మొదలయ్యాయి. ప్లేనోలో కేటరింగ్ చేసే ఒకావిడ "అక్కా, నేనూ తీసుకోనా" అని అడిగింది. డిసెంబరు 31 లోపు బుక్ చేస్తే సరిపోదు, బండి చేతికొచ్చి పనికి వాడుతూ ఉండాలని చెప్పాను. కొన్నాళ్ళకి ట్రేడ్-ఇన్ చేస్తే (పాత బండి ఇచ్చి కొత్తది తీసుకుంటే) ట్యాక్స్ తప్పుతుందనే పాత మాట 2018 నుంచి చెల్లదనీ చెప్పాను. తర్వాత మీ ఇంట్లో కార్లెన్ని, మీ ఆయన ఆఫీసుకి దేంట్లో వెళ్తాడు అని అడిగాను. ఒకటే కారట. ఇంకా ఆలోచిస్తోంది.

మా ట్రక్కు తాళాలు ఇప్పుడు గరాజ్‌లో, మండపం సామాను పక్కన మేకుకి వేలాడుతున్నాయి. మా ఆయన కారు సర్వీసుకి ఇచ్చిన రోజున కూడా నా సెడానే తీసుకెళ్తారు. 2025లో వాడకం 71 శాతం వచ్చింది. అయినా ఒకసారి 50 కిందికి పోయింది కాబట్టి మిగిలిన డిడక్షన్ 2027 దాకా సమాన వాయిదాల్లోనే వస్తుంది.