ఆఫీసు యాప్ జేబులో పెట్టుకుని తిరిగేవాడి మాట: ఆండ్రాయిడ్ లొకేషన్ సెట్టింగులపై ఒక మెడికల్ రెప్ సమీక్ష

నేను మెడికల్ రెప్‌ని, అంటే మందుల కంపెనీ తరఫున డాక్టర్లని కలిసి మా మందుల గురించి చెప్పేవాడిని. హెచ్‌క్యూ (నేనుండి పనిచేసే ఊరు) రాజమండ్రి. కొవ్వూరు, నిడదవోలు, మండపేట, రావులపాలెం ఎక్స్‌స్టేషన్లు (దగ్గరి ఊళ్లు). అమలాపురం, తుని, జంగారెడ్డిగూడెం అవుట్‌స్టేషన్లు (దూరపు ఊళ్లు). రోజంతా రోడ్డు మీదే ఉంటాను కాబట్టి లొకేషన్ ఆపేసుకుని బతికే వీలు నాకు లేదు. మ్యాప్స్ కావాలి. నెలాఖరున టీఏ (ప్రయాణ ఖర్చుల) బిల్లు రాయడానికి ఏ రోజు ఎక్కడ తిరిగానో కావాలి. వీటన్నిటికీ మించి మా కంపెనీ రిపోర్టింగ్ యాప్ ఉంది, లొకేషన్ ఆన్‌లో లేకపోతే అది అటెండెన్స్ కూడా వేయదు. "లొకేషన్ ఆఫ్ చెయ్యండి, ప్రైవసీ కాపాడుకోండి" అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ ఆ సలహా ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లకి సరిపోతుంది. ఆండ్రాయిడ్ 10 వాడిన రోజుల నుంచి ఇప్పుడు వాడుతున్న 15 దాకా ఈ సెట్టింగులతో నేను వేగుతూనే ఉన్నాను. వాటిలో ఏవి నిజంగా పనిచేస్తాయో, ఏవి పేరుకే ఉన్నాయో రాస్తున్నాను.

ముందు మంచి చెప్పాలి. 2019లో ఆండ్రాయిడ్ 10తో "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అనే ఆప్షన్ వచ్చింది. అంతకుముందు ఇస్తే పూర్తిగా ఇవ్వాలి, లేకపోతే మానేయాలి. మరుసటి ఏడాది 11లో "ఈసారి మాత్రమే" చేరింది. వాడకుండా నెలల తరబడి వదిలేసిన యాప్‌ల అనుమతులు వాటంతటవే రద్దవడం కూడా అప్పుడే మొదలైంది. నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం 2021లో ఆండ్రాయిడ్ 12 తెచ్చిన "సుమారు లొకేషన్". ఇది పెడితే మనం సరిగ్గా ఎక్కడున్నామో యాప్‌కి తెలియదు, దాదాపు మూడు చదరపు కిలోమీటర్ల ప్రాంతం మాత్రమే తెలుస్తుంది. వాతావరణం యాప్‌కి అంతకన్నా ఎందుకు? దానవాయిపేటలో వాన పడి మోరంపూడిలో పడకపోతే ఆ సంగతి యాప్ కన్నా ముందు నా చొక్కాకే తెలుస్తుంది.

మా ఇంట్లో పంచాంగం యాప్ ఒకటి వాడతాం. దానికి లొకేషన్ నిజంగానే అవసరం, ఎందుకంటే సూర్యోదయం ఊరిని బట్టి మారుతుంది, రాహుకాలం, దుర్ముహూర్తం దాన్ని బట్టే లెక్క కడతారు. కానీ దానికి ఊరు చాలు, మా వీధితో పనిలేదు. సుమారు లొకేషన్‌కి మార్చాక రాహుకాలంలో ఒక్క నిమిషం తేడా రాలేదు. ఈ యాప్ సంగతి నాకు తెలిసింది ప్రైవసీ డ్యాష్‌బోర్డులో. అది కూడా ఆండ్రాయిడ్ 12తోనే వచ్చింది. ఏ యాప్ ఏ టైముకి లొకేషన్, కెమెరా, మైకు వాడిందో వరసగా చూపిస్తుంది. మొదట్లో 24 గంటల లెక్కే ఉండేది, 13 నుంచి ఏడు రోజులది చూడొచ్చు. తెల్లవారుజామున మూడింటికి మా పంచాంగం లొకేషన్ చూసుకుందని అందులో కనిపించింది. బ్రహ్మ ముహూర్తం కోసమేమో అని మా ఆవిడ నవ్వింది గానీ, ఆ యాప్‌లో కింద నుంచి పైదాకా ఉన్నవి ప్రకటనలే.

పేమెంట్ యాప్‌ల దగ్గర ఈ తెలివితేటలేవీ సాగవు. నేను వాడేవాటిలో ఒకటి లొకేషన్ ఇవ్వకపోతే మొదటి స్క్రీన్ దాటనివ్వదు. దానికి "వాడుతున్నప్పుడు మాత్రమే" ఇచ్చి ఊరుకున్నాను. అప్పు యాప్‌ల విషయంలో మాత్రం రాజీ పడొద్దు. 2020 చివర్లో హైదరాబాద్ చుట్టుపక్కల ఆ యాప్‌ల వేధింపులు ప్రాణాల మీదికి తెచ్చాక కానీ కట్టడి మొదలవలేదు. 2022 సెప్టెంబరు 2న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అప్పు యాప్‌లు లొకేషన్, కెమెరా, మైకు లాంటివి కేవైసీ కోసం ఒక్కసారే, అదీ అడిగి మరీ తీసుకోవాలి. 2023 మే 31 నుంచి ప్లే స్టోర్ కూడా పర్సనల్ లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫోటోలు, ఖచ్చితమైన లొకేషన్ తీసుకోకూడదని రూల్ పెట్టింది. ఇవి అడిగే లోన్ యాప్ మీ ఫోన్లో ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, తీసేయండి.

ఇక గూగుల్ టైమ్‌లైన్. మనం ఏ రోజు ఎక్కడ తిరిగామో రాసిపెట్టే ఈ ఫీచర్ 2015లో వచ్చింది. దీన్ని టీఏ బిల్లు కోసమే వాడటం మొదలుపెట్టాను. నిడదవోలు వెళ్లింది మంగళవారమా బుధవారమా అని బుర్ర గోక్కోకుండా తెరిచి చూసుకోవడమే. దాని చరిత్ర మాత్రం అంత శుభ్రంగా లేదు. "లొకేషన్ హిస్టరీ" (టైమ్‌లైన్‌ని నడిపే సెట్టింగు పాత పేరు) ఆపేసినా "వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ" అనే వేరే సెట్టింగు ద్వారా గూగుల్ మన లొకేషన్ దాస్తోందని 2018 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ బయటపెట్టింది. ఆ గొడవ ముదిరి చివరికి 2022 నవంబరులో అమెరికాలోని 40 రాష్ట్రాలకి 39.15 కోట్ల డాలర్లు కట్టి గూగుల్ రాజీ చేసుకుంది. కాబట్టి టైమ్‌లైన్ ఆపితే పని అయిపోయిందనుకోకండి. గూగుల్ అకౌంట్‌లో డేటా అండ్ ప్రైవసీలోకి వెళ్లి ఆ రెండోది కూడా విడిగా ఆపాలి. నేను అది ఆపేసి టైమ్‌లైన్ మాత్రం ఉంచుకున్నాను. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ దానికి కారణం ఉంది.

టైమ్‌లైన్ డేటా ఇక తమ సర్వర్లలో కాకుండా ఫోన్లోనే ఉంటుందని 2023 డిసెంబరులో గూగుల్ ప్రకటించింది, తర్వాతి ఏడాదిలో మార్చింది. దాంతో కంప్యూటర్లో తెరిచి చూసుకునే సౌకర్యం పోయింది. పెద్ద స్క్రీన్ మీద చూస్తూ టీఏ బిల్లు టైప్ చేసుకునే నాలాంటివాళ్లకి అది నిజంగా నష్టమే. అయినా ఈ మార్పు నాకు ఇష్టమే. నా తిరుగుళ్ల చిట్టా నా ఫోన్లోనే ఉంటే ఎవరైనా అడిగినా ఇవ్వడానికి గూగుల్ దగ్గర అది ఉండదు. మామూలుగా మూడు నెలలు దాటినది చెరిగిపోతుంది, నాకు అది చాలు. ఒక్క జాగ్రత్త: 2025 మార్చిలో సాంకేతిక లోపం వల్ల కొందరి టైమ్‌లైన్ మొత్తం చెరిగిపోయింది. గూగులే ఆ మాట ఒప్పుకుంది. ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేసుకున్నవాళ్లకే తిరిగి తెచ్చుకునే దారి దొరికింది. బిల్లుల కోసం వాడేవాళ్లు ఆ బ్యాకప్ పెట్టుకోవాలి.

ఇక్కడిదాకా రాసినదంతా మన చేతిలో ఉన్న పని. మా రిపోర్టింగ్ యాప్ దగ్గరికొచ్చేసరికి కథ మారిపోతుంది.

దానికి "ఎప్పుడూ అనుమతించు" ఇవ్వాల్సిందే. ఏ డాక్టరు ఏ క్లినిక్కులో ఉంటారో జియో ట్యాగ్ చేసి (మ్యాప్ మీద గుర్తుపెట్టి) ఉంటుంది. ఆ చోటు చుట్టూ యాప్ గీసుకున్న వృత్తంలో నిలబడి ఉంటేనే కాల్ (డాక్టర్ని కలవడం) రిపోర్టు అవుతుంది, డీసీఆర్ (ఆ రోజు కాల్స్ అన్నిటి రిపోర్టు) పూర్తవుతుంది. కాగితం మీద బాగుంది. నిజంలో డాక్టరుగారు పొద్దున సొంత క్లినిక్కులో ఉంటారు, సాయంత్రం వేరే నర్సింగ్ హోమ్‌లో చూస్తారు. పేషెంట్లు అయిపోయేదాకా నలుగురైదుగురు రెప్‌లం బ్యాగులు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడతాం. లోపలికి పిలిచాక విజువల్ ఎయిడ్ (మందుల వివరాలు చూపించే బొమ్మలు) తెరిచే టైము కూడా ఉండదు, రెండు బ్రాండ్లు చెప్పి శాంపిల్ ఇచ్చి వచ్చేస్తాం. తీరా బయటికొచ్చి రిపోర్టు కొడితే "మీరు లొకేషన్‌లో లేరు" అంటుంది. ఆరుబయట జీపీఎస్ అయిదు మీటర్ల తేడాతో చెప్పగలదు గానీ సెల్లార్‌లో ఉపగ్రహాలు అందవు. అప్పుడు ఫోను చుట్టూ ఉన్న వైఫైలని, టవర్లని చూసి అంచనా వేస్తుంది. వైఫై స్కానింగ్, బ్లూటూత్ స్కానింగ్ అని లొకేషన్ సర్వీసెస్‌లో రెండు సెట్టింగులు ఉంటాయి. పైన వైఫై ఆపినా ఇవి లోపల వెతుకుతూనే ఉంటాయి. ప్రైవసీ కోసమని రెండూ ఆపేశాను. ఆ వారమే దానవాయిపేటలో ఒక నర్సింగ్ హోమ్ సెల్లార్‌లో ఉన్న నన్ను యాప్ గోదావరి మధ్యలో చూపించింది. మేనేజరు స్క్రీన్‌షాట్ పంపి "పడవలో డాక్టర్ని కలుస్తున్నావా ఏంటయ్యా" అన్నారు. తప్పక వైఫై స్కానింగ్ మళ్లీ ఆన్ చేశాను. బ్లూటూత్‌ది ఆఫ్‌లోనే ఉంది, దాని వల్ల ఏ తేడా రాలేదు.

పనివేళల్లో కంపెనీ చూసుకోవడం మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు, జీతం ఇస్తున్నారు. నాకు మండింది ఆదివారం సంగతికి. పిల్లలతో మారేడుమిల్లి వెళ్లి బొంగు చికెన్ తిని వచ్చాం. దారిలో చాలాచోట్ల సిగ్నలే లేదు. సోమవారం జాయింట్ వర్క్‌కి (నాతో కలిసి తిరగడానికి) వచ్చిన మేనేజరు టీ తాగుతూ "ఏజెన్సీ వైపు తిరిగొచ్చినట్టున్నారే" అన్నారు. చాలామందికి తెలియనిదేమిటంటే జీపీఎస్‌కి సిమ్ సిగ్నల్ అక్కర్లేదు. ఉపగ్రహాల నుంచి వచ్చేది అందుకుంటే చాలు. డేటా లేనప్పుడు యాప్ చుక్కలన్నీ దాచుకుని, నెట్ తగలగానే ఒక్కసారే పంపేస్తుంది. ఏరోప్లేన్ మోడ్ కూడా ఇక్కడ పనిచేయదు.

కుర్ర రెప్‌లు కొందరు ఫేక్ జీపీఎస్ యాప్‌లు పెడతారు. డెవలపర్ ఆప్షన్స్‌లో మాక్ (నకిలీ) లొకేషన్ ఎంచుకుంటే ఇంట్లో పడుకుని అమలాపురంలో ఉన్నట్టు చూపించొచ్చు. ఆ లొకేషన్ మాక్‌దని ఆండ్రాయిడే యాప్‌కి చెప్తుంది, కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతారు. అప్పుడు పోయేది ఉద్యోగం. నేను అటు పోలేదు, ఎవరికీ చెప్పను కూడా.

నాకు పనికొచ్చింది ఆండ్రాయిడ్ 15లో వచ్చిన ప్రైవేట్ స్పేస్. నిజానికి దాన్ని యాప్‌లు దాచుకోవడానికి ఇచ్చారు. నేను ఆఫీసు యాప్‌ని అందులో పెట్టాను. తాళం వేస్తే లోపలి యాప్‌లు పూర్తిగా ఆగిపోతాయి, వెనకాల కూడా నడవవు. పొద్దున తెరుస్తాను, రాత్రి చివరి కాల్ అయ్యాక మూసేస్తాను. ఆదివారం అసలు తెరవను. మొదట్లో ఒక తలనొప్పి వచ్చింది. ఎప్పుడు తాళం పడాలో మూడు ఆప్షన్లు ఉంటాయి: ఫోను లాక్ అయిన ప్రతిసారీ, స్క్రీన్ ఆగిన అయిదు నిమిషాలకి, రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రమే. మొదటిది పెడితే డాక్టరు దగ్గర ఫోను జేబులో వేయగానే యాప్ ఆగిపోయి రూటులో ఖాళీలు కనిపిస్తాయి. మూడోదే పెట్టుకోండి. తాళం వేసి ఉన్నప్పుడు ఆ యాప్ నోటిఫికేషన్లు రావు, కాబట్టి రాత్రి పూట టూర్ ప్రోగ్రామ్ (ఏ రోజు ఏ ఊరు అనే ప్లాన్) మార్చారంటే పొద్దున్నే తెలుస్తుంది. నేను దాన్ని లోపం కింద లెక్కెయ్యను.

మేనేజరు అడగనే అడిగారు. "తొమ్మిదిన్నర తర్వాత నీ యాప్ చచ్చిపోతోందేంటి?"

"డ్యూటీ అయిపోయింది కదా సార్."

ఆయన ఇంకేం అనలేదు. ఆయన్నీ పైనుంచి ఎవరో చూస్తూనే ఉంటారు.

చట్టం మనవైపు ఉందా అంటే, సగం సగం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. 2024 జులై 8న ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీం కోర్టు ఇంకో మాట చెప్పింది. బెయిలు మీద బయటికొచ్చిన నిందితుడు గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి దర్యాప్తు అధికారికి తన లొకేషన్ తెలిసేలా చూడాలన్న షరతు చెల్లదని, ఎప్పుడూ అతని కదలికలు కనిపెట్టి ఉండేలా షరతులు పెట్టకూడదని. మాదకద్రవ్యాల కేసులో నిందితుడికి ఆ మాత్రం ఊరట దొరికింది. బీపీ మాత్రలు అమ్ముకునే నాకు దొరకలేదు, ఎందుకంటే ఆ కేసు ప్రభుత్వంతో, నా గొడవ కంపెనీతో. 2023 డేటా రక్షణ చట్టం చూద్దామంటే దాని ఏడో సెక్షన్‌లో ఉద్యోగ సంబంధమైన అవసరాలకి సమ్మతి అక్కర్లేదని మినహాయింపు ఉంది. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఉద్యోగావసరం అంటే ఆదివారం కూడా వస్తుందా అన్నది అప్పుడైనా ఎవరో ఒకరు కోర్టులో అడగాలి. రెప్‌ల యూనియన్లు ఈ ట్రాకింగ్ మీద ఎప్పటి నుంచో పోరాడుతున్నాయి, నేనూ చందా కడుతున్నాను.

ఏ సెట్టింగూ ఆపలేనిది టవర్. సిమ్ పనిచేస్తున్నంతసేపూ మనం ఏ టవర్ కింద ఉన్నామో నెట్‌వర్క్‌కి తెలుస్తుంది. కాల్ రికార్డుల వివరాలు రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబరు నుంచి టెలికాం కంపెనీలకి లైసెన్సు షరతు. దాని గురించి టెన్షన్ పడి లాభం లేదు.

ఇంట్లోవాళ్లకి మాత్రం అడిగినప్పుడల్లా లొకేషన్ ఇస్తాను. తుని నుంచి రాత్రి హైవే మీద బండి మీద వస్తుంటే మా ఆవిడకి కంగారు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ గంటకో ఎనిమిది గంటలకో పెడితే టైము అయ్యాక దానంతట అదే ఆగిపోతుంది. ఫ్యామిలీ ట్రాకింగ్ యాప్ పెట్టుకుందామని మా బావమరిది అన్నాడు. రోజంతా ఒకళ్లు చూస్తున్నది చాలదా బావా అన్నాను.

కొనేవాళ్లకి ఒక మాట. మార్కెట్లో ఆండ్రాయిడ్ 15 అని రాసి ఉన్న ఫోన్లన్నిట్లో ప్రైవేట్ స్పేస్ ఉండకపోవచ్చు, కొన్ని కంపెనీలు సొంత పేరుతో వేరే లాకర్ ఇస్తాయి. షాపులోనే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అండ్ ప్రైవసీ తెరిచి చూడండి. లాకర్ అయితే తాళం వేశాక లోపలి యాప్ నిజంగా ఆగుతోందా, ఊరికే కనపడకుండా పోతోందా అన్నది డ్యాష్‌బోర్డులో తెలుస్తుంది. ఆగకపోతే పాత ఫోన్లో వేరే సిమ్ వేసి ఆఫీసు యాప్‌ని దానికి అంటగట్టడమే దారి. మా టీమ్‌లో కొందరు అదే చేస్తున్నారు, రీఛార్జ్ ఖర్చు మాత్రం టీఏ బిల్లులో పాస్ అవదు.