కొబ్బరినూనెతో వంట: రిపోర్టులు చూశాక నా మాట

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. కొబ్బరికాయల దింపు అయిన రోజున పెరట్లో కాయల రాశి పక్కనే ఆడుకుంటూ పెరిగాను. అయినా పెళ్లయి హైదరాబాద్ వచ్చేదాకా కొబ్బరినూనెతో చేసిన కూర నేను తినలేదు. మా ఇంట్లో కొబ్బరి పచ్చడికి, లౌజుకి. నూనె తలకి. కూరల్లోకి వేరుశనగ నూనో నువ్వుల నూనో ఉండేది. 2018లో కొబ్బరినూనెతో తాలింపు పెట్టానని ఫోన్లో చెబితే అమ్మ, "తలకి రాసుకునే నూనెతో కూరేంటే?" అంది.

అప్పుడు ఎక్కడ విన్నా కొబ్బరినూనె మాటే. అన్నం మానేసి రోజూ నాలుగైదు చెంచాల నూనె తీసుకుంటే బరువు తగ్గుతుంది, షుగర్ తగ్గుతుంది, గుండెకి మంచిది అన్నారు. నాన్నకి 54 ఏళ్లకే స్టెంట్ వేశారు. అప్పటికి నాకు 41 నడుస్తోంది, బరువు 74 కిలోలు. భయంతోనే మొదలుపెట్టాను. గానుగ నూనె కొన్నాళ్లు తెప్పించాను. తర్వాత పాలు తీసి ఇంట్లోనే కాచాను. చిక్కటి కొబ్బరిపాలు మూకుట్లో సన్నసెగ మీద గంటకు పైగా మరిగితే అడుగున కోవాలాంటి ముద్ద ఎర్రబడుతుంది, పైన నూనె తేలుతుంది. ఆ వాసన ఇప్పటికీ నాకు ఇష్టం. పన్నెండు కాయలు కొట్టినా లీటరు నిండలేదు.

వంటలో ఎలా ఉందంటే, అరటికాయ వేపుడుకి, బీన్స్ కూరకి, అట్లకి చాలా బాగుంటుంది. అట్టు అంచు కరకరలాడుతుంది. గోంగూరకి, పులుసులకి మాత్రం అస్సలు నప్పలేదు, కొబ్బరి వాసన ఒకవైపు, పులుపు ఒకవైపు అయిపోయింది. డిసెంబరు వచ్చిందంటే సీసాలో గడ్డకడుతుంది. 24 డిగ్రీల దగ్గర ఈ నూనె పేరుకుంటుంది కాబట్టి అది కల్తీ కాదు. నేను స్టీలు గరిట వేడి చేసి తవ్వుకునేదాన్ని.

ఇక అసలు సంగతి. మొదలుపెట్టే ముందు లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించాను: మొత్తం కొలెస్ట్రాల్ 192, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 42, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 165, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 117. ఐదు నెలలకి ఎనిమిది కిలోలు తగ్గాను. ట్రైగ్లిజరైడ్లు 110కి వచ్చాయి, హెచ్‌డీఎల్ 50కి చేరింది. ఎల్‌డీఎల్ మాత్రం 152. "మంచి కొలెస్ట్రాల్ పెరిగిందిగా, చెడ్డది పెరిగినా పర్లేదు" అని తోటివాళ్లు చెప్పారు, నేనూ నమ్మాను. 2019 ఏప్రిల్లో మళ్లీ చేయిస్తే హెచ్‌డీఎల్ 51, ఎల్‌డీఎల్ 169. డాక్టర్‌గారు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి పెన్నుతో రెండు గీతలు గీశారు. "మంచిది తొమ్మిది పెరిగిందమ్మా. చెడ్డది యాభై రెండు పెరిగింది. పైగా మీ నాన్నగారికి గుండె జబ్బు ఉంది" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత చాలా చదివాను. కొబ్బరినూనెలో ఎనభై శాతానికి పైగా సంతృప్త కొవ్వే, అంటే ఎల్‌డీఎల్‌ని పెంచే రకం. పెద్ద చెంచాడు నూనెలో అది 11, 12 గ్రాములు ఉంటుంది. రోజుకి 2000 కేలరీలు తినేవాళ్లకి సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. నేను ఒక్క నూనెలోనే 45 గ్రాముల దాకా తింటున్నాను. ఇందులో కొవ్వు సగం దాకా లారిక్ ఆమ్లం అనే రకం. "ఇది నేరుగా కాలేయానికి వెళ్లి కరిగిపోతుంది, ఒంట్లో చేరదు" అని చెబుతారు కదా, ఆ గుణం ఎక్కువగా ఉండేది లారిక్ కంటే అణువు గొలుసు పొట్టిగా ఉండే కొవ్వులకి. అవి కొబ్బరినూనెలో కొద్దిగానే ఉంటాయి. లారిక్‌లో ఎక్కువ భాగం మామూలు కొవ్వుల దారినే రక్తంలోకి వెళ్తుంది.

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో ఏడు ప్రయోగాలు పరిశీలిస్తే ఏడింటిలోనూ ఎల్‌డీఎల్ పెరిగింది. 2020లో పదహారు ప్రయోగాలు కలిపి చూసినప్పుడు, పొద్దుతిరుగుడు లాంటి నూనెలతో పోలిస్తే సగటున పది పాయింట్లు ఎక్కువ వచ్చింది. నాకు యాభై పెరగడానికి కారణం నేను తిన్న మోతాదే అనుకుంటున్నాను. హెచ్‌డీఎల్ పెరిగిన మాట నిజమే. కానీ మందులతో హెచ్‌డీఎల్‌ని పెంచి చూసిన పెద్ద ప్రయోగాల్లో గుండెపోట్లు అనుకున్నట్టు తగ్గలేదు. అందుకే ఆ ఒక్క అంకె చూసి ధైర్యపడొద్దని గట్టిగా చెబుతున్నాను.

"మరి కేరళవాళ్లు తరతరాలుగా తినట్లేదా?" అని మా బంధువులు అడుగుతారు. కేరళలో రెండు వందల మంది గుండె రోగుల మీద రెండేళ్లు చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. కొబ్బరినూనె వాడినవాళ్లకి, పొద్దుతిరుగుడు నూనె వాడినవాళ్లకి తేడా కనిపించలేదు. కానీ వాళ్లంతా గుండె జబ్బుకి మందులు వాడుతున్నవాళ్లు. పసిఫిక్ దీవుల్లో టోకెలావ్ జనం తిండిలో ఒకప్పుడు సగానికి పైగా శక్తి కొబ్బరి నుంచే వచ్చేది, గుండె జబ్బులు తక్కువ. వాళ్లు తిన్నది కాయ కొబ్బరి, చేపలు. బాటిల్లోని నూనె కాదు. మన చిరుతిళ్లు, మన కుర్చీ ఉద్యోగాలు వాళ్లకి అప్పట్లో లేవు.

2019లో ఆ రిపోర్టు తర్వాత నూనె మార్చి, మిగతా తిండి అలాగే ఉంచాను. మూడు నెలలకి ఎల్‌డీఎల్ 121. నిజంగా నూనె వల్లేనా అన్న అనుమానం తీరక 2021లో రోజుకి రెండు చెంచాలు మూడు నెలలు వాడి చూశాను, 138 అయింది. మానేస్తే మళ్లీ 120. బరువు ఈ మూడుసార్లూ దాదాపు ఒక్కటే. తగ్గిన ఎనిమిది కిలోలు అన్నం, తీపి మానడం వల్ల తగ్గినవి, ఆ పుణ్యం నూనెది కాదని అప్పుడు అర్థమైంది. ఇది నా ఒక్కదాని ఒంటి లెక్క, మీది వేరుగా ఉండొచ్చు. అందుకే వాడేవాళ్లు ముందు ఒకసారి, మొదలుపెట్టాక మూడు నెలలకి మరోసారి పరీక్ష చేయించండి. ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లుంటే డాక్టరుతో మాట్లాడకుండా అసలు మొదలుపెట్టకండి.

కొబ్బరిని తిట్టడం నా వల్ల కాదు, ఆ చెట్లే మమ్మల్ని చదివించాయి. జుట్టుకి దాన్ని మించిన నూనె నేను చూడలేదు. ఆదివారం బీన్స్ కూరలో ఇప్పటికీ ఒక చెంచా వేస్తాను. మిగతా రోజులు వేరుశనగ, నువ్వుల నూనె మార్చి మార్చి, నలుగురికీ కలిపి కొలిచి పోస్తాను.

మా తమ్ముడు ఇంకా రోజూ పొద్దున్నే కాఫీలో రెండు చెంచాలు కలుపుకుంటున్నాడు. వాడికీ నాన్న పోలికే. ఎంత చెప్పినా పరీక్ష వాయిదా వేస్తున్నాడు. వచ్చే శనివారం పరగడుపున రమ్మన్నాను, ల్యాబ్‌కి నేనే తీసుకెళ్తాను.