డబ్బాల వేట: సియాటిల్ నుంచి మూడు చోట్లు, ఒక జీపీఎస్

మేం సియాటిల్ పక్కన బాథెల్‌లో ఉంటాం. పిల్లల్ని "కొండెక్కుదాం రండి" అంటే కాళ్ళు నొప్పులంటారు. "డబ్బా వెతుకుదాం" అంటే అవే కాళ్ళు పరిగెడతాయి. జియోక్యాచింగ్ మొదలుపెట్టడానికి ఇంతకన్నా పెద్ద కారణం లేదు.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఎవరో ఒక డబ్బా దాచి దాని అక్షాంశ, రేఖాంశాలు జియోక్యాచింగ్ సైట్‌లో పెడతారు. మనం వెతికి పట్టుకుని, లోపలున్న చిన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాని ఎక్కడ తీశామో అక్కడే పెట్టేస్తాం. లోపల బొమ్మలూ గోలీలూ ఉంటే ఒకటి తీసుకోవచ్చు, అంతకు తగ్గనిది ఒకటి పెట్టాలి. తినేవి మాత్రం పెట్టకూడదు, వాసనకి జంతువులొచ్చి డబ్బాని చీల్చేస్తాయి.

మొదట్లో ఫోన్ చాలు. పార్కుల్లో తిరిగే ఇంటికి విడిగా జీపీఎస్ కొనమని నేను చెప్పను. మాకు కావాల్సొచ్చింది ఎందుకంటే, కొండల్లోకి వెళ్ళేసరికి సిగ్నల్ పోతుంది, చలికి బ్యాటరీ జారిపోతుంది, పైగా వెయ్యి డాలర్ల ఫోన్‌ని రెండో క్లాసు కుర్రాడి చేతికిచ్చి రాళ్ళ మీద వదిలే ధైర్యం మా ఆయనకి లేదు.

మేం చూసినవి మూడు, మూడూ గార్మిన్ కంపెనీవే. జీపీఎస్‌మ్యాప్ 67 చెట్ల కింద బాగా పనిచేస్తుంది. రెండు ఫ్రీక్వెన్సీల్లో సంకేతం అందుకుంటుంది కాబట్టి కొమ్మలకీ రాళ్ళకీ తగిలి వచ్చే దొంగ సంకేతాలకి అంతగా మోసపోదు. ధర మాత్రం ఐదు వందల డాలర్ల దగ్గర. ఇంత డబ్బు మొదటి పరికరానికి దండగ. ఈట్రెక్స్ 22ఎక్స్‌లో రంగుల తెర, మ్యాపులు ఉన్నాయి. ఈట్రెక్స్ ఎస్ఈ 2023లో నూట యాభై డాలర్లకి వచ్చింది. తెర నలుపు తెలుపే, మ్యాపులు లేవు, కానీ రెండు డబుల్ ఏ బ్యాటరీలతో 168 గంటలు నడుస్తుందని కంపెనీ లెక్క. డబ్బాల వివరాల్ని ఫోన్ నుంచి బ్లూటూత్‌తో లాక్కుంటుంది.

దుకాణంలో ఎవరూ చెప్పని తేడా ఇంకొకటుంది: దిక్సూచి. 22ఎక్స్‌లో ఎలక్ట్రానిక్ దిక్సూచి లేదు, అంటే మనం నడుస్తుంటేనే బాణం సరిగ్గా చూపిస్తుంది. నిలబడితే దాని మాట నమ్మలేం. పెద్దవాళ్ళకి ఇదేమంత ఇబ్బంది కాదు. పిల్లలు మాత్రం నాలుగడుగులు పరిగెత్తి, ఆగి, గిర్రున తిరిగి "ఎటు?" అంటారు. ఎస్ఈలో దిక్సూచి ఉంది. మ్యాపు లేని లోటుకన్నా నిలకడైన బాణమే మా ఇంట్లో ఎక్కువ అక్కరకొచ్చింది, అందుకే నా ఓటు దానికే. కొన్నవెంటనే సెట్టింగుల్లో స్థానం చూపే పద్ధతిని డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతులకి మార్చుకోండి. సైట్‌లో అంకెలు అలాగే ఉంటాయి. ఉత్తర అక్షాంశంలో చివరి అంకె ఒకటి మారితే నేల మీద 1.85 మీటర్లు జరిగినట్టు.

"ఇంతా చేసి జీపీఎస్ చూపించేదాంట్లో నాలుగైదు మీటర్ల తేడానా? మా గొలుసుతో కొలిస్తే ఇంత వచ్చేది కాదమ్మా" అన్నారు మా మావగారు. సర్వే శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. పచ్చి నిజం. ఆకాశం విప్పారి ఉంటే ఆ నాలుగైదు, డగ్లస్ ఫర్ చెట్ల కింద పది దాటినా ఆశ్చర్యం లేదు. అక్కడికి చేరాక జీపీఎస్‌ని జేబులో పెట్టి కళ్ళతో వెతకాలి. ఈ పనిలో తాతగారిని మించినవాళ్ళు మా ఇంట్లో లేరు. పేర్చినట్టున్న రాళ్ళు, ఎండిన కొమ్మలు ఒకే వైపు పడున్న చోటు ఆయన కంట పడితే చాలు.

ఇక చోట్లు. మా ప్రాంతంలో ఉన్నవాళ్ళ అదృష్టం, ఈ ఆటలో పేరుపొందిన మూడూ కారు దూరంలోనే ఉన్నాయి.

మొదటిది సియాటిల్‌లోనే, ఫ్రీమాంట్‌లో ఉన్న జియోక్యాచింగ్ ప్రధాన కార్యాలయం. లోపల పెద్ద పెట్టె, ఫొటోలు దిగడానికి చోటు, ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాకి చేతులు మారుతూ ఊళ్ళూ దేశాలూ తిరిగొచ్చిన బిళ్ళలు. పిల్లలకి నచ్చుతుంది, పెద్దలకి అరగంట చాలు. ఇది ఆఫీసు కాబట్టి సందర్శకుల వేళలు ముందే చూసుకుని వెళ్ళాలి. పార్కింగ్ దొరకడం డబ్బా దొరకడంకన్నా కష్టం. వెళ్ళినవాళ్ళు అరోరా వంతెన కింద, చేత్తో పాత ఫోక్స్‌వాగన్ కారుని నలిపేస్తున్న సిమెంటు రాక్షసుణ్ణి కూడా చూసి రండి.

రెండోది ఆరెగాన్‌లో, బీవర్‌క్రీక్ దగ్గర, ఈ ఆటలో మొట్టమొదటి డబ్బా దాచిన చోటు. పౌర జీపీఎస్‌లో కావాలని వంద మీటర్ల దాకా తప్పు పెట్టిన అమెరికా ప్రభుత్వం 2000 మే మొదట్లో దాన్ని తీసేసింది. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఇక్కడి అడవి అంచున ఒక నల్ల బకెట్టు దాచి అంకెలు అందరికీ చెప్పాడు. అందులో పుస్తకాలు, కొంత డబ్బు, ఒక క్యాటర్‌బాలు, చిక్కుళ్ళ డబ్బా ఉండేవట. ఇప్పుడు అక్కడున్నది 2003లో పెట్టిన స్మారక ఫలకం. నిజం చెప్పాలంటే చూడ్డానికి రోడ్డు పక్కన ఒక పలక, అంతే. కథ తెలియకుండా వెళ్తే "దీనికా మూడు గంటలు కారులో కూర్చున్నది?" అంటారు. కారులో కథ చెప్పుకుంటూ వెళ్ళాం కాబట్టి మా అమ్మాయి చిక్కుళ్ళ డబ్బా కోసం గంటసేపు అడిగింది.

ఈ ఒక్కదాని కోసం వెళ్ళకండి, ఆరెగాన్ సిటీతో కలపండి. కొండ కింది వీధి నుంచి పై వీధికి తీసుకెళ్ళే ఊరి లిఫ్టు ఉంది. ఇప్పుడున్నది 1955లో కట్టింది, ఎక్కడానికి డబ్బు అక్కర్లేదు. పిల్లలు దిగనంటే దిగనన్నారు. బసకి మేం హైవే పక్క మోటెల్ తీసుకున్నాం. గది శుభ్రమే గానీ రాత్రంతా లారీల మోత, పొద్దున టిఫిన్‌లో మావగారు తినగలిగింది రొట్టె, అరటిపండు. చిన్న వంటిల్లున్న గదికి ఇరవై ముప్ఫై డాలర్లు ఎక్కువైనా ఇవ్వొచ్చు. రైస్ కుక్కర్, ఆవకాయ ఉంటే మిగతాది చూసుకోవచ్చు. ఆరెగాన్‌లో సేల్స్ టాక్స్ లేదు కదా, జీపీఎస్ అక్కడే కొందామని మా ఆయన ఉబలాటం. నూట యాభై డాలర్ల మీద మిగిలేది పదిహేను. పైగా వాషింగ్టన్ వాళ్ళు అలా కొని తెచ్చుకున్నదానికి ఇక్కడ యూజ్ టాక్స్ కట్టాలన్నది చట్టం.

మూడింటిలో తప్పకుండా వెళ్ళాల్సింది స్నోక్వాల్మీ సొరంగం. ఐ-90 మీద 54వ ఎగ్జిట్‌లో దిగితే హయాక్. అక్కడ కారు పెట్టడానికి డిస్కవర్ పాస్ (రాష్ట్ర పార్కుల పాస్) కావాలి. 1980లో రైళ్ళు ఆగిపోయిన మార్గం ఇప్పుడు నడకబాట. సొరంగం 2.3 మైళ్ళు, తిన్నగా, లోపల చిమ్మచీకటి. నెత్తి మీద చుక్కచుక్కా నీళ్ళు పడుతుంటాయి. ఆగస్టులో కూడా స్వెట్టర్ ఉండాలి, తలకో దీపం ఉండాలి, సైకిళ్ళు ఎదురొస్తాయి కాబట్టి పిల్లలు ఒక పక్కనే నడవాలి. ఉపగ్రహాలేవీ అందక ఎస్ఈ మూగబోయింది. మా వాడు మాత్రం దాన్ని ముందుకు చాపి దారి చూపిస్తున్నట్టే నడిచాడు. అటు బయటపడ్డాక బాట వదిలి కొంచెం నిటారుగా ఎక్కితే 2001లో ఒక హాలీవుడ్ సినిమా ప్రచారం కోసం పెట్టిన డబ్బాల్లో మిగిలినది దొరుకుతుంది. ఇలాంటిది ఇంకొకటి బ్రెజిల్‌లో ఉంది. మావగారు కింద రాతి మీద పులిహోర డబ్బా కాపలా కాశారు. రానుపోను ఐదు మైళ్ళు దాటుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ చివరిదాకా సొరంగం మూసేస్తారు.

ఇండియా వెళ్తూ జీపీఎస్ తీసుకెళ్దామనుకునేవాళ్ళకి ఒక మాట. ఉపగ్రహ సందేశాలు పంపే ఇన్‌రీచ్ లాంటివి అనుమతి లేకుండా తీసుకెళ్ళడం అక్కడ నేరం, విమానాశ్రయంలో పట్టుకుంటారు. ఎస్ఈలో ఆ సౌకర్యం లేదు. అయినా కస్టమ్స్ కౌంటర్ దగ్గర తేడా వివరిస్తూ నిలబడే ఓపిక మాకు లేదు. హైదరాబాదులో వెతికేది ఫోన్‌తోనే వెతుకుతాం.