విజయవాడలో ధనియాల బీరు, గుంటూరులో ధనియాలు

విజయవాడ వెళ్ళి ఈ బీరు రుచి చూడాలనుకునేవాళ్ళకి ముందుగా ఒక మాట: ఫ్రీజర్లోంచి తీసిన మగ్గులో పోయనివ్వకండి.

ఎంజీ రోడ్డులోని ఒక హోటల్ బార్‌లో సంక్రాంతి తర్వాత పెట్టారు దీన్ని. రెండు బ్రూవరీల వాళ్ళు కలిసి కాచిన గోధుమ బీరు, చలికాలానికి మాత్రమే. అందులో ధనియాలు, ఎండు నారింజ తొక్క, కాస్త మిరియం వేశారు. మొదటి మగ్గు మంచు పట్టి వచ్చింది. తాగితే పళ్ళు జివ్వుమన్నాయి తప్ప మసాలా జాడే లేదు. రెండోసారి మామూలు గాజు గ్లాసులో పోయించుకుని, కాసేపు ముట్టుకోకుండా ఉంచాం. నురగ తగ్గాక వాసన పైకొచ్చింది. మా బావమరిది గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "బావా, అమ్మ చారుపొడికి ధనియాలు వేయిస్తున్నట్టే ఉంది" అన్నాడు. నిజంగా అదే వాసన. నాలుక మీద నారింజ తొక్క చిరుచేదు, మింగాక గొంతులో సన్నగా మిరియం వేడి.

బీరులో మసాలా కొత్త ఫ్యాషనేమీ కాదు. బవేరియాలో 1516లోనే బార్లీ, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు), నీళ్ళు తప్ప ఇంకేమీ వేయకూడదని కట్టడి పెట్టారు కానీ, బెల్జియం వాళ్ళు ధనియాలు, నారింజ తొక్క వదల్లేదు. హోగార్డెన్ అనే ఊళ్ళో ఈ తరహా బీరు ఆగిపోతే, పియరె సెలిస్ అనే ఆయన 1966లో మళ్ళీ కాచడం మొదలుపెట్టాడు. ధనియాల సువాసనకి మూలమైన లినలూల్ అనే పదార్థం హాప్స్‌లోనూ ఉంటుంది, అందుకే రెండూ కలిసిపోతాయి.

ఇద్దరు కలిసి కాయడానికి నాకు నచ్చిన ఉదాహరణ 2007 నాటిది. జర్మనీలో ష్నైడర్ బ్రూవరీలో బీరు కాచే హాన్స్ పీటర్ డ్రెక్స్‌లర్, అమెరికాలో బ్రూక్లిన్ బ్రూవరీలో కాచే గారెట్ ఆలివర్ ఒకరి దగ్గరికి ఒకరు వెళ్ళి గోధుమ బీరు కాచారు. జర్మనీలో కాచినదానికి జర్మన్ హాప్స్, బ్రూక్లిన్‌లో కాచినదానికి అమెరికన్ హాప్స్. మేం తాగినదాంట్లోనూ అలాంటి పొత్తే కనిపించింది. గోధుమ మెత్తదనం ఒకరిది, మసాలా చొరవ ఇంకొకరిది అనిపించింది. ఒకరిని ఒకరు మింగేయలేదు.

తిండి విషయంలో జాగ్రత్త. మిరపకాయ బజ్జీలు తెప్పించుకుంటే కారానికి బీరులోని గ్యాసు తోడై నాలుక మండిపోయింది, బీరు రుచి పోయింది. మాకు వడ్డించిన కుర్రాడే "పెసర పునుగులు తీసుకోండి సార్, దీనికి అవే బాగుంటాయి" అన్నాడు. అతని మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఖరీదైన వంటకం అంటగట్టకుండా సరైనది చెప్పాడు, అదీ సర్వీసంటే. మగ్గుల సంగతి కూడా మేనేజరుకి చెప్పాం, విన్నాడు.

బస గాంధీనగర్‌లో ఒక లాడ్జిలో. స్టేషన్‌కి దగ్గర, అద్దె తక్కువ, దుప్పట్లు శుభ్రం. కానీ వేడినీళ్ళు పొద్దున్నే అయిపోతాయి, రాత్రంతా రోడ్డు మోత. పిల్లలతో వెళ్ళేవాళ్ళు బెంజ్ సర్కిల్ వైపు చూసుకోవడం మంచిది. బార్ నుంచి గదికి ఆటోలోనే వచ్చాం.

మర్నాడు పండిట్ నెహ్రూ బస్టాండులో బస్సెక్కి గుంటూరు వెళ్ళాం, గంట ప్రయాణం. పట్నం బజార్లో ఒక కొట్టాయన గుప్పెడు ధనియాలు అరచేతుల మధ్య నలిపి మా ముందు పెట్టాడు. గ్లాసులో పట్టిన వాసన అక్కడ పదింతలుంది. గుంటూరంటే అందరికీ మిరపే గుర్తొస్తుంది. ఆ పక్కనే లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ధనియాల మీదా పరిశోధన చేస్తారు, సింధు, సాధన, స్వాతి రకాలు అక్కడివే. ఈ ధనియాలతో మన దగ్గరే ఎవరైనా బీరు కాస్తే చూడాలని నాకు గట్టిగా ఉంది.

బీరు శివరాత్రి దాకా ఉంటుందన్నారు. ఫోన్ చేసి కనుక్కుని, వారం మధ్యలో వెళ్ళండి. శనాదివారాల్లో ఆ కుర్రాడికి మాట్లాడే తీరికుండదు.