ఊళ్లో టీవీ విదేశంలో చూడాలంటే: ఎన్‌కోడరా, ట్యూనరా?

ఇంటి టీవీని ఇంటర్నెట్‌లో ఎక్కడికైనా పంపే స్లింగ్‌బాక్స్ అనే పెట్టె ఉండేది, దాని సర్వర్లు 2022 నవంబరులో ఆగిపోయాయి. ఇప్పుడు మనకు మిగిలిన మంచి దార్లు రెండు: డీటీహెచ్ బాక్సుకు హెచ్‌డీఎంఐ ఎన్‌కోడర్ (బాక్సులోంచి వచ్చే బొమ్మను ఇంటర్నెట్‌లో పంపే పరికరం) తగిలించడం, లేదా డిష్ కేబుల్‌ను డీవీబీ-ఎస్2 యూఎస్‌బీ ట్యూనర్‌కిచ్చి (శాటిలైట్ సిగ్నల్ అందుకునే పరికరం) రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో టీవీహెడెండ్ అనే టీవీ సర్వర్ సాఫ్ట్‌వేర్ నడపడం.

ఛానెళ్లు: ఎన్‌కోడర్‌తో మీ ప్యాక్‌లో ఉన్నవన్నీ. ట్యూనర్‌తో స్క్రాంబుల్ చేయనివే, అంటే తాళం వేయని ఉచిత ఛానెళ్లే. డీడీ ఫ్రీ డిష్‌లో యాదగిరి, సప్తగిరి వస్తాయి.

ఖర్చు: ఎన్‌కోడర్‌తో అయితే డీటీహెచ్‌కి నెలనెలా రీఛార్జ్ తప్పదు. ట్యూనర్‌కి ఒకసారి కొంటే సరి.

ఛానెల్ మార్చడం: టీవీహెడెండ్‌లో జాబితాలో ఎంచుకుంటే చాలు. ఎన్‌కోడర్‌ పక్కన ఐఆర్ బ్లాస్టర్ (ఇంటర్నెట్ ద్వారా రిమోట్ సిగ్నల్ పంపేది) కూడా ఉండాలి, అదీ బాక్సుకు ఎదురుగా. బొమ్మ కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. తొందరపడి మళ్లీ నొక్కితే ఛానెల్ దాటిపోతుంది.

మొరాయిస్తే: ఎన్‌కోడర్‌లో నల్ల తెర వస్తే చాలాసార్లు కారణం హెచ్‌డీసీపీ, అంటే హెచ్‌డీఎంఐ బొమ్మను కాపీ కానివ్వని రక్షణ. బాక్సుకు ఏవీ అవుట్ (పాత టీవీలకు తగిలించే అవుట్‌పుట్) ఉంటే ఆ ఇన్‌పుట్ ఉన్న ఎన్‌కోడరే కొనండి, బొమ్మ కాస్త మసకైనా సరే. ట్యూనర్‌లో సిగ్నల్ రాకపోతే ముందు దాని 12 వోల్టుల అడాప్టర్ చూడండి. అది లేకుంటే ఎల్‌ఎన్‌బీకి (డిష్ మీద సిగ్నల్ అందుకునే భాగానికి) కరెంటు అందదు.

రెండింటికీ అసలు తలనొప్పి సీజీనాట్, అంటే ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీ అడ్రస్‌ను చాలా ఇళ్లకు పంచడం. అది ఉన్న కనెక్షన్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి ఇంట్లోని పరికరానికి దారి తెరవడం) పనిచేయదు, టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ యాప్ పెట్టాలి. రాస్‌బెర్రీ పైలో అది నేరుగా ఎక్కుతుంది. ఎన్‌కోడర్‌కైతే ఇంట్లో మరో కంప్యూటర్‌లో టెయిల్‌స్కేల్ పెట్టి, ఎన్‌కోడర్‌కు దారి చూపే సబ్‌నెట్ రూటర్‌గా ఉంచాలి. 720పీకి 3 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా ఉండాలి. రూటర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టడం మరవకండి.

సీరియళ్లు, పే ఛానెళ్లు కావాలంటే, ఇంట్లో బాక్సును రీస్టార్ట్ చేసేవాళ్లుంటే ఎన్‌కోడర్. దూరదర్శన్ వార్తలు చాలనుకుంటే, తాళం వేసిన ఇల్లయితే ట్యూనరే నయం.